పెతెర్ది ప్రింట్‌మేకింగ్ పుస్తకం: ఏడాది పాటు పనిబల్ల మీద ఉంచుకొని వాడిన తరువాత

హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముద్రణ చిత్రకారుడు గాబోర్ పెతెర్ది, ప్లేటు మీద చెక్కిన బొమ్మను కాగితం మీద అచ్చు తీసే కళ గురించి రాసిన ‘ప్రింట్‌మేకింగ్: మెథడ్స్ ఓల్డ్ అండ్ న్యూ’ అనే పుస్తకం కోసం నేను చాలాకాలం వెతికాను. న్యూయార్క్‌లోని మాక్‌మిలన్ సంస్థ 1959లో తొలిసారి ప్రచురించిన ఈ గ్రంథం ఇప్పుడు కొత్తగా దొరకదు. పాత ప్రతులే దిక్కు. చివరకు విదేశంలోని ఒక పాత పుస్తకాల విక్రేత దగ్గర 1971 నాటి సవరించిన కూర్పు కనిపిస్తే, పుస్తకం ఖరీదుతో దాదాపు సమానమైన తపాలా ఖర్చు భరించి హైదరాబాదుకు తెప్పించుకున్నాను. ‘మంచి స్థితిలో ఉంది’ అని విక్రేత రాశాడు గానీ, పై అట్ట చొక్కా లేదు, వెన్ను దగ్గర కుట్టు వదులైంది, చివరి పేజీలకు చెమ్మ తగిలిన మరకలు ఉన్నాయి. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే మరికొంత తక్కువకు అడిగేవాడిని. అయినా లోపలి చిత్రాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి కనుక తిప్పి పంపలేదు. ఏడాది పాటు అది, ప్లేటు నుంచి కాగితం మీదకు అచ్చు తీసే నా ఎచింగ్ ప్రెస్ పక్కనే ఉండింది. సిరా వేలిముద్రలు పడని అధ్యాయం ఇప్పుడు అందులో దాదాపు లేదు.

పెతెర్ది పేరు నాకు తెలిసింది మన కృష్ణారెడ్డి ద్వారా. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, ఆపైన లండన్ మీదుగా పారిస్ చేరిన కృష్ణారెడ్డి, అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 అనే ముద్రణశాలలో పనిచేసి, తరువాత దాని సహ నిర్దేశకుడయ్యారు. ఒకే ప్లేటు మీద, సిరాల చిక్కదనంలోని తేడాను ఆధారంగా చేసుకొని, అనేక రంగులను ఒకేసారి ముద్రించే విస్కాసిటీ పద్ధతిని రూపుదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన గురించి చదువుతున్నప్పుడల్లా ఆ ముద్రణశాలలో అంతకు ముందు తరం ఎవరు పనిచేశారనే ప్రశ్న నాకు కలిగేది. 1930ల జాబితాలో పికాసో, మీరో వంటి మహామహుల పేర్ల నడుమ ఒక హంగేరియన్ కుర్రవాడి పేరు కనిపించింది. మిగిలిన పెద్దలలో చాలామందికి ముద్రణ వారి విస్తారమైన కళాజీవితంలో ఒక పాయ మాత్రమే కాగా, ఆ కుర్రవాడికి అది యాభై ఏళ్ళకు పైగా సాగిన వృత్తి, బోధన, జీవనం అన్నీ అయింది.

హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు. కాబట్టి స్వదేశంలో ఆయన పెతెర్ది గాబోర్. బుడాపెస్ట్ శివారులోని పెష్త్‌ఉయ్‌హెయ్‌లో 1915లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ కవులే. తండ్రి ఆందోర్ పెతెర్ది. తల్లి జెని వార్నయి, సైనికుడైన కొడుకును ఉద్దేశించి ఒక తల్లి పలికే మాటలుగా 1912లో రాసిన కవితతో హంగేరీ అంతటా పేరు పొందిన కవయిత్రి. ఆ కవిత వెలువడిన మూడేళ్ళకు పుట్టిన ఈ కొడుకు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు యూనిఫారం వేసుకొని ఐరోపాకు వెళ్ళవలసి వచ్చిందన్న సంగతి తెలిసినప్పుడు నేను కొంతసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను. పదిహేనేళ్ళ వయసులో, 1930లో, చిత్రలేఖనానికి రోమ్ పురస్కారం గెలుచుకొని ఇటలీ వెళ్ళిన ఆ బాలుడు, అక్కడి నుంచి పారిస్ చేరి, 1933లో హేటర్ ముద్రణశాలలో అడుగుపెట్టి, 1939లో అమెరికాకు వలస వెళ్ళేదాకా అక్కడే పనిచేశాడు.

ఆ ఆరేళ్ళ శిక్షణ ఏమిటో తెలియాలంటే ఈ పుస్తకంలోని లైన్ ఎన్‌గ్రేవింగ్, అంటే లోహాన్ని ఉలితో చెక్కి గీత తీయడం, గురించిన భాగం చదవాలి. నా దృష్టిలో పుస్తకం మొత్తానికి ప్రాణం అదే. లోహపు ప్లేటులో గాడి చేసి, ఆ గాడిలో నింపిన సిరాను కాగితం మీదకు అచ్చు తీసే పద్ధతులన్నిటినీ కలిపి ఇంటాగ్లియో అంటారు; మన దగ్గర లలితకళా కళాశాలల్లో ఇంటాగ్లియో అంటే సాధారణంగా ఎచింగే. జింకు ప్లేటుకు మైనపు పూత పూసి, సూదితో గీసి, నైట్రిక్ ఆమ్లంలో ముంచి, ఆమ్లమే గీతను తొలిచేలా చేయడం మనకు అలవాటు. బ్యూరిన్ అనే ఉలిని అరచేతిలో ఇమిడ్చి, ఆమ్లం సాయం లేకుండా, నేరుగా రాగిని చీలుస్తూ గీత తీయడం మాత్రం మనవాళ్ళలో చాలామంది ప్రయత్నించరు. శతాబ్దాలుగా ఇతరుల బొమ్మలకు నకళ్ళు తీసే పనికి పరిమితమై నీరసించిన ఆ పరికరాన్ని, స్వతంత్ర సృష్టికి మళ్ళీ పనికివచ్చేలా చేయడమే హేటర్ ముద్రణశాల సాధించిన గొప్ప పని. పెతెర్ది ఆ సాధనలో చేయి తిరిగినవాడు. నేను నాలుగు అంగుళాల రాగి ముక్క తీసుకొని, పుస్తకంలోని ఫొటోలు చూసుకుంటూ, బ్యూరిన్ పట్టుకోవడం దగ్గర నుంచి మొదలుపెట్టాను. మొదటి వారం అంతా ఉలి జారి ప్లేటు మీద పిచ్చి గీతలు పడ్డాయి, ఎడమ చేతి బొటనవేలు రెండుసార్లు తెగింది. వంపు గీత కావాలంటే తిప్పవలసింది ఉలిని కాదు, ప్లేటును అన్న సూత్రం కంటితో చదివినప్పుడు తేలికగా అనిపిస్తుంది. చేతికి అబ్బడానికి మాత్రం నాకు నెలన్నర పట్టింది. కుమ్మరి వేలు కదలకుండా ఉండగా సారె తిరిగి కుండకు వంపు తెచ్చినట్టు, ఇక్కడ కుడిచేయి నిలకడగా ముందుకు నెడుతూ ఉంటే ఎడమచేయి రాగి రేకును తిప్పుతుంది. ఆ పద్ధతిలో వచ్చిన గీతకు సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, తిరిగి సన్నగా ముగిసే ఒక జీవం ఉంటుంది. తడిపిన కాగితం మీద ఒత్తినప్పుడు ఆ గాడిలోని సిరా కాగితానికి ఎత్తుగా అంటుకొని, వేలితో తడిమితే తగులుతుంది. ఎచింగ్ సూది గీతలో ఆ ఒడుపు రాదు. పుస్తకం ఖరీదు నాకు ఈ ఒక్క భాగంతోనే గిట్టింది.

పెతెర్ది స్వయంగా ఆ ఉలితో ఏమి చేశాడో చూడాలనుకునేవారు 1939 నాటి ‘బ్లాక్ బుల్’ను, యుద్ధం ముగిసిన తరువాత 1946లో చేసిన ‘స్టిల్ లైఫ్ ఇన్ జర్మనీ’ని చూడాలి. పళ్ళూ పూలగుత్తులూ ఉంటాయని మనం ఎదురుచూసే నిశ్చలచిత్రం అనే పేరును, యుద్ధభూమి చూసి వచ్చిన మనిషి తన చిత్రానికి పెట్టడంలోనే ఆయన చెప్పదలచిన దుఃఖమంతా ఉంది. ఆ తరువాతి కాలంలో ఆయన శుద్ధమైన ఎన్‌గ్రేవింగ్‌కు కట్టుబడి ఉండలేదు. ఒకే ప్లేటు మీద ఎచింగ్, రోజిన్ అనే జిగురు పొడి చల్లి ఆమ్లంతో ఛాయలు తెచ్చే ఆక్వాటింట్, ఉలి పని అన్నీ కలిపాడు, రంగులు తెచ్చాడు. 1952 నాటి ‘జెర్మినేషన్’ అనే రంగుల చిత్రంలో విత్తనం నేలను చీల్చుకొని వచ్చే శక్తి కనబడుతుంది. యుద్ధంలో చావును చూసినవాడు మొలకెత్తడాన్ని అంత తహతహతో గీయడం నాకు ఎంతో సహజంగా తోచింది.

ఆయన ఉపాధ్యాయ జీవితం యుద్ధం తరువాత బ్రూక్లిన్ మ్యూజియం ఆర్ట్ స్కూల్‌లో మొదలైంది. 1950లలో న్యూయార్క్‌లోని హంటర్ కళాశాలలోనూ, 1960 నుంచి 1987 వరకు యేల్ విశ్వవిద్యాలయంలోనూ బోధించాడు. పుస్తకం వెలువడిన 1959లోనే బ్రూక్లిన్ మ్యూజియంలో ఊనా జాన్సన్ ఆధ్వర్యంలో ఆయన పాతికేళ్ళ ముద్రణ చిత్రాల ప్రదర్శన జరిగింది. అంటే నలభై నాలుగేళ్ళ వయసుకే తన పనిని ఒకసారి గోడల మీదా, తన పాఠాన్ని ఒకసారి అట్టల మధ్యా పేర్చి చూసుకునే అవకాశం ఆయనకు కలిగింది. ఈ రెండింటినీ ఒకే సంవత్సరంలో చేసిన మనిషి రాతలో కనిపించే ఆత్మవిశ్వాసం వేరు. ఈ పుస్తకం తరగతి గదిలో పదేళ్ళ పాటు విద్యార్థుల తప్పులను దిద్దిన తరువాత రాసినది కావడం చేత, ఏ దశలో ఏది చెడిపోయే అవకాశం ఉందో ముందుగానే ఊహించి చెప్పిన పుస్తకంగా నా చేతికి పనికివచ్చింది. పూత సరిగా అంటకపోతే, ఆమ్లం ఎక్కువ తొలిస్తే, సిరా తుడిచేటప్పుడు గాడిలోనిది కూడా లేచిపోతే ఏమి చేయాలన్నదే పనిచేసేవాడికి కావలసింది. అనుభవం లేనివారు రాసిన ముద్రణ పుస్తకాలు అన్నీ సవ్యంగా జరిగినప్పటి సంగతి మాత్రమే చెప్పి ఊరుకుంటాయి.

యేల్‌లో ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన విద్యార్థులలో చక్ క్లోజ్ ఒకడు. పెద్ద పెద్ద ముఖచిత్రాలతో ప్రపంచ ప్రసిద్ధుడైన ఆ చిత్రకారుడు 1972లో కాలిఫోర్నియాలోని క్రౌన్ పాయింట్ ప్రెస్‌లో తన తొలి ముఖ్యమైన ముద్రణ చిత్రం చేయడానికి, అప్పటికి దాదాపు ఎవరూ వాడని మెజోటింట్ పద్ధతిని ఎంచుకున్నాడు. మెజోటింట్‌లో ముందు ప్లేటు అంతటినీ పళ్ళున్న రాకర్ అనే పనిముట్టుతో గరుకు చేస్తారు. అప్పుడు ముద్రిస్తే మొత్తం మఖమల్ లాంటి నలుపు వస్తుంది. ఆ నలుపులో వెలుగు కావలసిన చోట గరుకును గీకి, నునుపు చేస్తూ, చీకటి నుంచి వెలుగు వైపు నడుస్తారు. పాత పద్ధతులను మ్యూజియం వస్తువులుగా కాక, రేపటి చిత్రానికి పనికివచ్చే సాధనాలుగా చూడడం పెతెర్ది పుస్తకం పేరులోనే ఉంది. అటువంటి గురువు దగ్గర పనిచేసినవాడు అంత పాత పద్ధతి వైపు చేయి చాచడంలో ఆశ్చర్యం లేదని నా అభిప్రాయం.

ఇక లోపాల సంగతి. మొదటిది, అతి ముఖ్యమైనది, రసాయనాల విషయం. ఇది నైట్రిక్ ఆమ్లం, డచ్ మోర్డెంట్ వాడుక సర్వసాధారణమైన కాలపు పుస్తకం. డచ్ మోర్డెంట్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పొటాషియం క్లోరేట్ కలిపినది. రాగి మీద సన్నని గీతను వెడల్పు కానివ్వకుండా లోతుగా తొలుస్తుందన్న మాట నిజమే గానీ, కలిపే సమయంలో క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రాగి నైట్రిక్ ఆమ్లంలో పడితే లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు ఎంత హానికరమో ఇప్పుడు అందరికీ తెలుసు. నేటి ప్రమాణాలతో చూస్తే ఈ జాగ్రత్తలకు పుస్తకం ఇచ్చిన చోటు చాలదు. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడడం, గాలి బయటకు లాగే ఫ్యాన్ పెట్టుకోవడం, కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా తొట్టి దగ్గరకు వెళ్ళకపోవడం ఈ పుస్తకంతో సంబంధం లేకుండా పాటించవలసిన నియమాలు. ఆక్వాటింట్ కోసం చల్లే రోజిన్ పొడి కూడా పీలిస్తే ప్రమాదమే. ముక్కుకు మాస్కు లేకుండా ఆ పెట్టె తెరవకూడదు. నేను చదువుకునే రోజుల్లో ఇవేవీ లేకుండా, కిటికీ పక్కన నిలబడి, పావురం ఈకతో ప్లేటు మీది బుడగలు తుడుస్తూ గంటలు గడిపాను. ఆ దగ్గు ఇప్పటికీ చలికాలంలో తిరిగి వస్తుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం పుస్తకాన్ని అక్షరాలా అనుసరించవద్దని నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను.

రెండవది వాతావరణం. ఇది రచయిత తప్పు కాదు, కానీ మన దేశంలో కొనేవారు తెలుసుకోవాలి. మైనపు పూతల మెత్తదనం గురించి, ఆమ్లంలో ఉంచవలసిన కాలం గురించి చెప్పే ఏ పాశ్చాత్య పుస్తకమైనా అక్కడి చల్లని గదులను మనసులో పెట్టుకొని రాసినదే. రోహిణి కార్తెలో మా గదిలో సాఫ్ట్ గ్రౌండ్ అనే మెత్తని మైనపు పూత పూసిన ప్లేటు మీద ఆకు పెట్టి ఒత్తితే, ఆకు ఈనెల అచ్చు పడవలసింది పోయి, పూత మొత్తం ఆకుతో పాటు ఊడి వచ్చింది. తేనెమైనం పాలు పెంచి, కొవ్వు పాలు బాగా తగ్గించి, పనిని తెల్లవారుజాముకు మార్చుకున్నాక గానీ దారికి రాలేదు. వేడికి ఆమ్లం వేగం కూడా పెరుగుతుంది. పది నిమిషాలు అనుకున్నది ఆరు నిమిషాలకే లోతు దిగిపోయి అంచులు విరిగిన సందర్భాలు ఉన్నాయి. ముందుగా ఒక చిన్న ముక్క మీద నిమిషానికొక అంచె చొప్పున పరీక్షించి, తన గదికి, తన ఋతువుకు తగిన పట్టిక ఎవరికి వారు తయారు చేసుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

లిఫ్ట్ గ్రౌండ్ విషయంలో మాత్రం మన వాతావరణం కూడా అడ్డు రాలేదు. చక్కెర పాకంలో నల్ల సిరా కలిపి కుంచెతో ప్లేటు మీద బొమ్మ వేసి, దాని మీద పలుచగా వార్నిష్ పూసి, ఆరిన తరువాత గోరువెచ్చని నీటిలో ఉంచితే, చక్కెర కరిగి పై పూతను లేపుకొని వస్తుంది. కుంచె తిరిగిన చోటల్లా లోహం బయటపడుతుంది. సూదితో గీసే ఎచింగ్‌లో కుంచె విసురు పోతుందని బాధపడే చిత్రకారులకు ఇది వరం. పెతెర్ది ముద్రణకారుడే కాక, జీవితాంతం చిత్రలేఖనం వదలని వ్యక్తి కావడం వల్లనే, కుంచె గుణాన్ని ప్లేటు మీదకు తెచ్చే ఇటువంటి పద్ధతులు ఆయన చేతిలో అంతగా పండాయని నాకు అనిపిస్తుంది.

రంగుల ముద్రణ భాగం చదివేటప్పుడు కొంత నిరాశ తప్పదు, ఎందుకంటే పుస్తకంలోని చిత్రాలలో ఎక్కువ భాగం నలుపు తెలుపులోనే ఉన్నాయి. ఒక రంగు మీద మరొకటి పడినప్పుడు కలిగే ఫలితాన్ని బూడిద ఛాయలలో ఊహించుకోవలసి రావడం, ముఖ్యంగా కొత్తగా నేర్చుకునేవారికి, పెద్ద ఇబ్బంది. ఆయన రంగుల చిత్రాలను మ్యూజియంల వెబ్‌సైట్లలో తెరిచి పక్కన పెట్టుకొని చదవమని నా సలహా. అప్పుడు కూడా, ఉబ్బెత్తుగా అంటిన సిరా మీద వెలుతురు పడే తీరును తెర చూపించలేదు.

ఇంకొక విషయం మీద పాఠకుడు తన అభిప్రాయం తాను ఏర్పరచుకోవాలి. ఈ పుస్తకం వచ్చిన రోజుల్లోనే అమెరికాలో మరొక రకమైన ముద్రణశాలలు పుట్టుకొచ్చాయి. 1957లో తాత్యానా గ్రోస్‌మన్ న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌లోనూ, 1960లో జూన్ వేన్ లాస్ ఏంజెలెస్‌లోనూ ప్రారంభించిన లితోగ్రఫీ (రాతి పలక మీద వేసిన బొమ్మను అచ్చు తీసే పద్ధతి) శాలలలో చిత్రకారుడు బొమ్మ వేస్తే, నిపుణుడైన ముద్రాపకుడు అచ్చు తీస్తాడు. పెతెర్ది వచ్చిన సంప్రదాయం అది కాదు. ప్లేటు చెక్కడం, ఆమ్లంలో ముంచడం, సిరా పూయడం, తుడవడం, ప్రెస్ తిప్పడం అన్నీ చిత్రకారుడే చేయాలి, అచ్చు తీస్తుండగానే తరువాతి ఆలోచన పుట్టాలి అన్నది హేటర్ శాల నేర్పిన నడవడిక. నేను పూర్తిగా పెతెర్ది పక్షమే. నా ప్లేటును మరొకరి చేతికి ఇచ్చిన రెండుసార్లూ అచ్చు నిర్దోషంగా వచ్చింది, కానీ తుడవడంలో ఎక్కడ కొంచెం సిరా మిగిల్చితే ఆ చిత్రానికి ఊపిరి వస్తుందో ఆ చేతికి తెలియలేదు. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగులలో ఆ సన్నని గీతల చుట్టూ ఉండే పరిసరాన్ని దగ్గరగా చూసినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

కొనదలచినవారికి కొన్ని మాటలు. ఎన్‌గ్రేవింగ్, ఎచింగ్, ఆక్వాటింట్, మెజోటింట్, చెక్క ముద్రణ నేర్చుకుంటున్నవారికి, వాటిని నేర్పుతున్నవారికి ఈ పుస్తకం అవసరం. దీని బలమంతా ఇంటాగ్లియోలోనే ఉంది. లితోగ్రఫీ కోసం, సిల్క్ స్క్రీన్ కోసం వెతికేవారు వేరే పుస్తకం చూసుకోవాలి. పెతెర్ది జీవితం తెలుసుకోవాలని మాత్రమే కొనేవారికి ఇది సరిపోదు. 2001లో మరణించేదాకా సాగిన ఆయన కళాజీవితంలో హవాయి లావా నేలలూ, ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు దృశ్యాలూ ఒక పెద్ద అధ్యాయం. పాఠ్యపుస్తకంలో ఆ ప్రకృతి చిత్రకారుడికి దొరికిన చోటు తక్కువ. 1959 కూర్పు కంటే 1971 కూర్పు కొనడం మంచిది. ధర విషయంలో తొందరపడకండి. విక్రేతను అట్ట, కుట్టు, ఫొటో పేజీల చిత్రాలు పంపమని అడిగి, అవి చూసిన తరువాతనే డబ్బు చెల్లించండి. నాలాగా ప్రెస్ పక్కన వాడేవారైతే, వచ్చిన వెంటనే మంచి బైండర్ దగ్గర కుట్టు బిగింపించి, గుడ్డ అట్ట వేయించుకోవాలి. నేను కోఠిలో ఆ పని చేయించుకున్నాను.

ప్రస్తుతం నా ప్రతి మా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఇంట్లో ఉంది. రాకర్ దొరక్క, కార్బొరండమ్ రాయితో రాగి రేకును గరుకు చేసి మెజోటింట్ మొదలుపెట్టింది. మొదటి అచ్చు కిందటి ఆదివారం తీశాము; నలుపు ఇంకా మఖమల్ కాలేదు, ఎడమ మూలన బూడిద రంగులో పొరలు కనిపిస్తున్నాయి, కనుక ఆ మూలను మళ్ళీ రుద్దుతోంది.